పేరు మార్చుకుని వచ్చిన పుస్తకం

మా వదిన తను చచ్చిపోబోతున్నట్టు ఒక మంగళవారం పొద్దున ప్రకటించింది. ఏడుస్తూ, మూలుగుతూ కాదు. చేపల పులుసు మొహింగా రెండు చెంచాలు తిని, "ఉప్పు తక్కువైందే మ్యా యిన్. నేనిక పోదామనుకుంటున్నా" అని రెండు సంగతులూ ఒకే గొంతుతో చెప్పింది. మా ఆవిడ మొదటిదానికి ఉప్పు తెచ్చి వేసింది. రెండోదానికి ఏం వెయ్యాలో తెలియక వంటింట్లోకి వెళ్లి ఏడ్చింది.

నవ్వుతారేం? సరే, నవ్వండి. ఈ టీ దుకాణంలో నన్ను చూసి నవ్వడం మీకు కొత్తా, మీచేత నవ్వించుకోవడం నాకు కొత్తా? కాకపోతే ఒక షరతు. నవ్వినవాడు చివరిదాకా కూర్చోవాలి. మధ్యలో లేచి పోకూడదు.

వదినంటే మా ఆవిడ అక్క, డా హ్లా యిన్. తల్లీతండ్రీ పోయాక కుట్టుమిషను తొక్కి చెల్లెల్ని పెంచింది, చదివించింది, చివరికి తీసుకొచ్చి నా చేతిలో పెట్టింది. "అంత బాగా పెంచి ఆఖర్న ఇలా చేశావేంటక్కా" అని మా ఆవిడ అడుగుతూ ఉండేది. "కళ్లు అప్పటికే మసకేశాయే" అనేది వదిన. అది నిజం కాదు. చక్కెర జబ్బు ఆవిడ కళ్లు తీసుకుపోయింది చాలా ఏళ్ల తర్వాత. కళ్లయ్యాక కాళ్ల మీద పడింది. ఆ తర్వాత వదిన మంచం బాల్కనీ పక్కకు చేరింది.

మా బాల్కనీ తాడు మీకు తెలుసుగా. పైన గంట, కింద కొసకి క్లిప్పు. పేపరూ కూరలూ అందరి తాళ్లూ మోస్తాయి, మా తాడు మాత్రం నవలలు మోసేది. మా ఇంటి కిందే కదా డా సో అద్దె పుస్తకాల దుకాణం. ఆవిడ పుస్తకాన్ని క్లిప్పుకి తగిలించి తాడు లాగితే గంట మోగేది, మా ఆవిడ పైకి లాక్కుని, మధ్యాహ్నం అన్నాలయ్యాక అక్కకు చదివి వినిపించేది. నేను పక్కగదిలో పడుకుని నిద్రపోయేవాణ్ని. పోస్టాఫీసులో ముప్పావు జీవితం ముద్రలు కొట్టినవాణ్ని. కవరు మీద ఉన్నది చదవడమే నా వృత్తి, లోపల ఏముందో చూస్తే నేరం. నవలలు నా శాఖ కాదు.

వదినకు అందరు రచయితలూ ఒక ఎత్తు, పతేయిన్ మ ప్యూ ఒక్కతీ ఒక ఎత్తు. ఆవిడ రాసినవన్నీ అద్దెకు తెచ్చి, తెచ్చినవే మళ్లీ తెచ్చి వినేది. ఒక్కటి తప్ప.

నా పెళ్లైన కొత్తలోనే మా ఆవిడ ఇంటి కట్టుబాట్లు చెప్పేసింది. చెప్పులతో లోపలికి రాకూడదు. గురక పెట్టకూడదు. కో థెయిన్ అనే పేరు ఎత్తకూడదు. 'రేవులో మిగిలిన గొడుగు' అనే పుస్తకం ఈ గడప తొక్కకూడదు. రెండోది తప్ప అన్నీ పాటించాను. కో థెయిన్ అంటే వదినకు కుదిరిన పెళ్లికొడుకు. పెళ్లికి పూల గొడుగు కొనుక్కొస్తానని, గొడుగులకు పేరుపడ్డ పతేయిన్ ఊరు వెళ్లి, తిరుగు ప్రయాణంలో పడవతో పాటు మునిగిపోయాడు. వెళ్లేముందు, "నేనొచ్చేలోపు చదివెయ్" అని వదిన చేతిలో పెట్టిన నవల అది. రాసింది మ ప్యూయే. కబురొచ్చేసరికి వదిన సగంలో ఉంది. అక్కడే మూసేసింది. అప్పటికి చిన్నపిల్లైన మా ఆవిడ ఆ పుస్తకాన్ని పట్టుకెళ్లి డా సో దుకాణంలో పడేసి వచ్చింది. ఆ తర్వాత వదిన పెళ్లి మాట ఎత్తలేదు, ఎవరినీ ఎత్తనివ్వలేదు.

ఇక ఆ మంగళవారం సంగతి. డాక్టరొచ్చి చూసి, తిండి మానేస్తే ఎలాగమ్మా, రేపటి మీద ఆశ ఉండాలి కదా అన్నాడు.

"ఆశకేం భాగ్యం బాబూ. మ ప్యూ ఇంకో నవల రాస్తే ఉంటాను. ఆవిడే ఎప్పుడో పోయింది, నన్నొక్కదాన్నే ఉండమంటారేం?" అంది వదిన.

డాక్టరు మందు చీటీ మీద అది రాయలేడుగా. ఆయన వెళ్లిపోయాక మా ఆవిడ నా వంక చూసింది. ఇంట్లో గ్యాసు అయిపోయినా, గుడ్డిదీపం ఆరిపోయినా చూసే చూపే అది. నేను లుంగీ బిగించి, "ఆ సంగతి నాకొదిలెయ్" అన్నాను.

"మీకొదిలేసినవన్నీ ఇంకా అక్కడే ఉన్నాయి కో చిట్. బాత్రూం కుళాయితో సహా."

ఆ మాటతో రోషమొచ్చి సరాసరి పాన్సొడాన్ వీధికి వెళ్లాను, పేవ్‌మెంటు మీద పాత పుస్తకాల మధ్య ఏదైనా దొరుకుతుందేమోనని. భగవంతుడు నాలాంటి వాళ్లను పిలిచి మరీ ఇస్తాడు. పాత పుస్తకాలవాడి పక్కనే కొత్త పుస్తకాల బల్ల. బల్ల నడుమ, తళతళలాడే అట్టతో, నవ్వుతున్న ఒక సినిమాతార బొమ్మతో, 'వెన్నెల్లో పెళ్లి పడవ'. కింద పెద్దక్షరాల్లో, పతేయిన్ మ ప్యూ. పైన ఎర్ర కాగితపు పట్టీ: 'ఇన్నాళ్లకు మీ చేతికి!' ప్రచురణ, జంట గుడ్లగూబలు. బేరం కూడా ఆడకుండా కొనేశాను. పోయినావిడ ఏ పెట్టెలోనో దాచిపెట్టిన నవల బయటపడింది. అదీ పెళ్లి కథ. అట్ట మీద ఉంది కదా, ఇంక అనుమానమేముంది.

దార్లోనే నాకు మహాపథకం తట్టింది. పుస్తకం ఒక్కసారే చదివేస్తే నాలుగు రోజుల్లో అయిపోతుంది, వదిన మళ్లీ పోతానంటుంది. అందుకని రోజుకొక్క అధ్యాయం. మిగతా వేళల్లో పుస్తకం నా రేకుపెట్టెలో, తాళం నా మొలతాడుకి. రేషను బియ్యంలా కొలిచి ఇస్తే వానాకాలం దాటించవచ్చు.

మా ఆవిడ పథకం విని, పుస్తకం తాళం వేసి దాచేవాణ్ని జన్మలో చూడలేదంది. "నువ్వు ముందే చదివేసి మీ అక్కకు చెప్పేస్తావు, నీ కడుపులో మాట దాగదు" అన్నాను. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది. ఆవిడ కడుపులో ఏమేం దాగగలవో అప్పటికి నాకు తెలియదు.

మొదటి రోజు నేను కూడా నిద్ర మానుకుని గుమ్మంలో కూర్చున్నాను, నా ఘనకార్యం చూసుకోవడానికి. కొత్త నవల అనగానే వదిన దిండు ఎత్తు చేయించుకుని, చెవి ఇటు తిప్పింది. మా ఆవిడ పుస్తకం తెరిచి మొదటి వాక్యం చదివింది. "ఆ రోజు రేవుకు అందరికంటే ముందు వచ్చింది వాన."

అక్కడ ఆగిపోయింది. దగ్గొచ్చినట్టుంది. మంచినీళ్లు తాగింది. వదిన కదలకుండా పడుకుని, "ఊఁ, ఆగావేం? చదువు" అంది. మా ఆవిడ గొంతు సవరించుకుని, "ఆ వాన వెంటనే తగ్గిపోయింది. చక్కగా ఎండ కాసింది" అని మొదలుపెట్టింది. బాగుంది, ఎండ కాసింది అనుకుని నేను కునుకు తీశాను.

ఏమాటకామాటే చెప్పుకోవాలి, గొప్ప నవల. అందులో నాయిక ఒడ్డున ఉంటుంది, నాయకుడు పడవలో పెళ్లి సామాను తెస్తుంటాడు. ఆ పిల్ల ఎంతసేపూ వంట చేస్తుంది. గోంగూర రొయ్యలు, చప్పిడి గంజి, కాకరకాయ. నేను నవలలు ఎరగనివాణ్నే గానీ, నాయిక పూట పూటకీ కాకరకాయ తినడం నాకే కొంచెం వింతగా తోచింది. కానీ వదిన ఆ సాయంత్రం, "ఆ పిల్ల తిన్న గంజిలాంటిది కాస్త పెట్టవే" అని అడిగింది. గిన్నె ఖాళీ చేసింది. నేను మా ఆవిడ వంక చూసి మీసం మెలేశాను. మీసం లేకపోయినా మెలేశాను.

ఇంకో విశేషం. పడవలో ఒక సరంగు ఉన్నాడు. పడవ నడుపుతూనే గురకపెడతాడు. ఏ రేవులో దిగినా ఉల్లిపాయలు తెమ్మంటే బెల్లం తెస్తాడు. పెళ్లికొడుకు కొన్న పూల గొడుగు వాడికి అప్పజెబితే ప్రతి రేవులోనూ మరిచిపోయి, పడవ వెనక్కి తిప్పుతాడు. వాడు వచ్చినప్పుడల్లా వదిన పడీపడీ నవ్వేది. ఎప్పుడో పోయిన మనిషి నాలాంటివాణ్ని ఎక్కడ చూసి రాసిందా అని నేను ఆశ్చర్యపోయేవాణ్ని. ఒకరోజు ఉండబట్టలేక, ఆ సరంగుకి మరీ అన్యాయం జరుగుతోంది, ఒక్క మంచిపనైనా చేయించకూడదా అన్నాను.

"రాసినావిణ్ని అడగండి," అంది మా ఆవిడ తల ఎత్తకుండా.

వదినకు బుగ్గలు వచ్చాయి. డాక్టరు నా చెయ్యి పట్టుకుని ఊపాడు. ఇంకేం, ఊరుకుంటే నేను మీ బా చిట్‌నెందుకవుతాను? పెట్టెలోంచి పుస్తకం తీసి, కిందికెళ్లి డా సో మొహం ముందు ఆడించాను. మీ దుకాణంలో లేని మ ప్యూ నవల, చూసుకోండి అని. డా సో కళ్లజోడు పెట్టుకుని తెరిచింది. మొదటి పేజీ చూసింది. వెనక అరలోంచి అట్టలు ఊడిన పాత పుస్తకం ఒకటి తెచ్చి పక్కన పెట్టింది. రెండింటిలోనూ రేవుకు అందరికంటే ముందు వచ్చింది వాన. రెండో వాక్యం, 'నాలుగు రోజులైనా తగ్గలేదు.'

పాత పుస్తకం అట్ట మీద పేరు నేను చదవక్కర్లేకపోయింది. నా పెళ్లైన కొత్తనుంచీ ఆ పేరు నాకు కంఠతా వచ్చు.

"ఇందులో పెళ్లీ లేదు, వెన్నెలా లేదు. పడవ ఉంది. అది మునుగుతుంది," అంది డా సో.

గడప తొక్కకూడదన్న పుస్తకాన్ని నేను చంకన పెట్టుకుని, సినిమాతార మొహం తగిలించి, వదిన మంచం దాకా మోసుకొచ్చాను. మునిగే అధ్యాయం ఇంకెంత దూరంలో ఉందో లెక్కేసుకుంటూ బస్సెక్కి జంట గుడ్లగూబల ఆఫీసుకి పోయాను. గొంతు చించుకుని అరవాలనే వెళ్లాను. అక్కడి మేనేజరు ఎంత మర్యాదస్తుడంటే, ముందు టీ తెప్పించాడు. టీ తాగుతూ అరవడం కుదరదు.

ఆయన చెప్పిందేమిటంటే, పాత పేరుతో వేస్తే గోదాములో చెదలు తప్ప ఎవరూ ముట్టలేదట. జనం దగ్గర సొంత బాధలే బోలెడు, ఇంకొకరి బాధ కొనుక్కుంటారా అన్నాడు. లోపల ఒక్క అక్షరం కూడా మార్చలేదు, మనిషి అదే, లుంగీ మాత్రం మార్చాం అన్నాడు.

"మరి పెళ్లి కథనుకుని కొన్నవాడి గతి?" అన్నాను.

"లోపలి పేజీలో చివర చిన్నక్షరాల్లో పాత పేరు వేశాం అన్నా. అట్ట చూసి నమ్మితే మేమేం చెయ్యం?"

పోస్టాఫీసువాణ్ని పట్టుకుని అనాల్సిన మాటేనా అది? నేను చిన్నబుచ్చుకోవడం చూసి, పోనీ మ ప్యూదే ఇంకొకటి ఊరికే తీసుకెళ్లండి, ఇది చాలా సరదాగా ఉంటుందని 'చిరునవ్వుల రేవు' నా చేతిలో పెట్టాడు. దండం పెట్టి మరీ తీసుకున్నాను. బస్టాపులో నిలబడి తెరిచాను. ఆ రోజు రేవుకు అందరికంటే ముందు వచ్చింది వాన.

ఇంటికొచ్చేసరికి చదువు సాగుతోంది. ఆ రోజు పుస్తకం పెట్టెలో పెట్టకుండా డా సో బల్ల మీదే వదిలేశానని మెట్లెక్కుతుండగా గుర్తొచ్చింది. మరి మా ఆవిడ దేన్ని చదువుతోంది? తలుపు సందులోంచి చూశాను. ఒళ్లో పంచాంగం ఉంది. దాన్ని తెరిచి పట్టుకుని, పేజీ కూడా తిప్పుతూ, సరంగు గొడుగును నత్తల బుట్టలో ఎలా మరిచిపోయాడో చదివేస్తోంది. అప్పుడు వెలిగింది నా బుర్రలో. రెండో వాక్యం దగ్గర్నుంచీ ఆ నవల మా ఆవిడదే. ఆ కాకరకాయ మా ఆవిడది. ఆ సరంగు, ఇక చెప్పేదేముంది, మా ఆవిడ మొగుడు.

వంటింట్లో పట్టుకుని అడిగాను. ముందే ఎందుకు చెప్పలేదన్నాను.

"మొదటి ముక్క చదివాకే కదా తెలిసింది. అక్క చెవి ఇటు పెట్టుకుని కూర్చుంది. మూసేస్తే ఎందుకు మూశావంటుంది. చదివితే ఆ పడవ మునుగుతుంది." మా ఆవిడ గోంగూర తుంచుతూనే ఉంది. "అందుకని ఒడ్డుకి చేరుద్దామనుకున్నా. అంతే."

"నాతోనైనా చెప్పొచ్చుగా."

"మీ కడుపులో మాట దాగదు కో చిట్."

నా మాట నాకే తిరిగొచ్చింది. "మరి ఆ సరంగు?" అన్నాను నీరసంగా.

"అక్కని నవ్వించడానికి ఎవరో ఒకరు కావాలిగా. నాకు తెలిసిన నవ్వులపాలయ్యే మనిషి ఒక్కరే." అంటూ కళ్లు తుడుచుకుంది. గోంగూరకి కళ్లమ్మట నీళ్లెందుకొస్తాయో నేను అడగలేదు. వదినకు మాత్రం ఈ సంగతి తెలియనివ్వకూడదని నాచేత ఒట్టు వేయించుకుంది.

ఆ మర్నాడు మా ఆవిడ బజారుకెళ్లగానే వదిన నన్ను పిలిచింది. "మరిదీ, ఆ పుస్తకం తెచ్చి ఇలా కూర్చో. పదకొండో అధ్యాయం తియ్యి. ఉన్నది ఉన్నట్టు చదువు."

ఏ పుస్తకం వదినా అన్నాను.

"గొడుగు పుస్తకం. రేవుకు ముందు వాన వచ్చే పుస్తకాలు ఎన్నున్నాయేం? మొదటి ముక్కకే పోల్చుకున్నా. వెంటనే వాన తగ్గించేసింది నా వెర్రి చెల్లెలు. అప్పుడే అనుకున్నా, దీనికీ తెలుసని."

తెలిసీ ఎందుకు ఊరుకున్నారన్నాను. అది అంత కష్టపడి ఎండ కాయిస్తుంటే నేనెలా వద్దంటాను అంది. ఇక గత్యంతరం లేక పక్క కింద దాచిన 'చిరునవ్వుల రేవు' తెచ్చి పదకొండో అధ్యాయం తీశాను. తీసి, నేనూ మా ఆవిడలాగే ఎండ కాయించబోయాను. "నదిలో పడవ హాయిగా సాగిపోతోంది. సరంగు ఎంతో తెలివైనవాడు" అన్నాను.

"నీకు చేతకాదులే. నా చెల్లెలు నీకంటే బాగా అబద్ధమాడుతుంది. చదువు."

నేను పుస్తకం మూసేశాను. ఎందుకు వదినా ఇప్పుడు ఇదంతా, హాయిగా ఆ పెళ్లి కథ వింటున్నారుగా అన్నాను. బయట తాడు గంట గాలికి ఊరికే టింగుమంది.

"నేను మూసేసిన చోట ఆయన ఇంకా పడవలోనే ఉన్నాడు మరిదీ. ఇంకా మునగలేదు. ముందుకు చదివితే పోతాడని అక్కడే ఉంచేశా. ఇన్నేళ్లు పడవలో కూర్చోబెడితే ఆయనకి మాత్రం కాళ్లు పట్టెయ్యవూ? నేను వెళ్లేలోపు దించేద్దామని."

నేను చదివాను. చిరునామాలు చదవడం అలవాటైన గొంతు నాది, ఎంత పెద్ద వాక్యమైనా ఊరూ జిల్లా చెప్పినట్టే చదువుతాను. అలాగే చదివాను. పడవ మునిగింది. నాకు అక్షరాలు అలుక్కుపోయాయి. వదిన కళ్ల నుంచి నీళ్లు చెవుల్లోకి కారుతున్నాయి. తుడుచుకోలేదు. "ముక్కు చీదుకుని చదువు మరిదీ, పుస్తకం తడిచిపోతుంది" అంది నాతో.

అప్పట్నుంచి పొద్దున్నే నిజం నవల, మధ్యాహ్నం అబద్ధం నవల. పొద్దున్న మా ఆవిడ బజారుకెళ్లగానే నేను గుసగుసగా చదివేవాణ్ని. అదేమిటో, ఆ రోజుల్లో మా ఆవిడకు బజారులో బాగా ఆలస్యమయ్యేది. వంకాయల దగ్గర బేరం పెరిగిందేమో అనుకునేవాణ్ని. మధ్యాహ్నం ఏమీ ఎరగనట్టు గుమ్మంలో కూర్చుని, సరంగుగా తిట్లు తినేవాణ్ని.

నిజం నవల అయిపోయింది. చివర్లో ఆ పిల్ల, అప్పటికి పిల్లేం కాదు, తలపండింది, రేవులో దొరికిన ఆ గొడుగును మొదటిసారి విప్పుతుంది. వాన లేదు, ఎండా లేదు. ఊరికే విప్పి, కాసేపు పట్టుకుని, మళ్లీ మూస్తుంది.

"అంతేనా?" అంది వదిన.

అంతే అన్నాను.

"దీనికా నేను ఇన్నేళ్లు భయపడ్డది," అని ఊపిరి వదిలింది. "ఇక ఆ మధ్యాహ్నం నవల్లో పెళ్లికి వెళ్లొస్తే నా పని అయిపోతుంది. నా చెల్లెలు నన్ను పెళ్లి పేరు చెప్పి ఆపుతోంది మరిదీ. ఆగుతాను. నాలుగు మెతుకులు ఎక్కువ తింటే నా సొమ్మేం పోయింది" అంది.

మా ఆవిడ ఆపిందంటే మామూలుగా ఆపిందా? పడవ రేవు చేరింది. పెళ్లికొడుకు దిగాడు. ఇక పెళ్లే అనుకుంటుండగా వర్షావాసం తెచ్చిపెట్టింది. భిక్షువులు మఠం దాటని ఆ వానాకాలం నెలల్లో పెళ్లిళ్లు చెయ్యరుగా. బయట వానలు, కథలో వానలు. తడింజూట్ పున్నమికి వర్షావాసం ముగిసి ఊరంతా దీపాలు పెడతారు, ఆ వెన్నెల్లో పడవ మీద పెళ్లి అని ముహూర్తం పెట్టింది. ఈలోపు రోజూ పెళ్లి బట్టలు కుట్టడమే. వదిన జీవితమంతా ఊరి పెళ్లిళ్లకు బట్టలు కుట్టింది కదా, ఆ కుట్లన్నీ మా ఆవిడకు తెలుసు.

ఆ మధ్యాహ్నం కూడా అదే జరుగుతోంది. నాయిక పెళ్లికి కట్టుకునే లుంగీ, తమైన్‌కు అంచు వేస్తోంది. "పచ్చంచు వెయ్యమను," అంది వదిన. మా ఆవిడ పచ్చంచే వేయించింది. కుట్టు ఎంత సన్నగా ఉందో, దారం కొసని ఎలా కొరికిందో చెప్పుకుంటూ పోయింది. కాసేపటికి వదిన ఊఁ కొట్టడం ఆగిపోయింది. మా ఆవిడ ఇంకా చాలాసేపు కుడుతూనే ఉంది. అంచు పూర్తయ్యేదాకా ఆపలేదు.

ఏడు రోజులూ మన ఆచారం ప్రకారం తలుపు తీసే ఉంచాం. పోయిన మనిషి ఏడో రోజు దాకా ఇంట్లోనే తిరుగుతుంది కదా. వదినకు కళ్లు లేవు, తలుపు వేస్తే వెతుక్కోలేదు అని మా ఆవిడ దీపం కూడా ఆర్పలేదు. ఏడో రోజు భిక్షువులు వచ్చి, పఠించి, భోంచేసి, ఆశీర్వదించి వెళ్లారు. నీళ్లు వదిలాం. చుట్టాలూ వెళ్లారు. ఇక ఇంట్లోవాళ్లు, వెళ్లిరా అని చెప్పాలి. చెప్పవే అన్నాను. మా ఆవిడ ఖాళీ మంచం పక్కన ముక్కాలిపీట వేసుకుని కూర్చుంది.

"పెళ్లి చేస్తానని చెప్పి చెయ్యలేదు. ఇలా ఎలా పంపను?" అంది. "ఆ పుస్తకం ఇటివ్వండి."

నేను మొలతాడు తాళం తడుముకున్నాను.

"అది కాదు. పక్క కింద పెట్టుకున్నారే, అది."

తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాను. ఏ పక్క కింద, ఏ పుస్తకం అన్నాను.

"పొద్దున్నే అక్కకు చదివింది."

"నీకెలా తెలుసు?"

"మీరు గుసగుసలాడితే వీధి చివరి టీ కొట్టుకి వినపడుతుంది కో చిట్. డా సో దుకాణంలో పుస్తకం అద్దెకు తీసుకునేవాళ్లు లేరు. అందరూ వచ్చి మన మెట్ల మీద కూర్చున్నారు. నేనూ కూరల సంచీ పెట్టుకుని వాళ్ల మధ్యే కూర్చున్నా. పడవ మునిగినప్పుడు ఒకాయన నాకు తన రుమాలిచ్చాడు."

వదినకు తెలుసని మా ఆవిడకు తెలుసు. తెలిసే మధ్యాహ్నాలు ఎండ కాయించింది. తనకు తెలుసని వదినకూ తెలుసేమో, ఇక అడగడానికి మనిషి లేదు. పథకం నాది, పెట్టె నాది, తాళం నాది. ఇంట్లో ఎవరికీ ఏమీ తెలియదనుకున్నది కూడా నేనొక్కణ్నే.

పుస్తకం తెచ్చిచ్చాను. చిరునవ్వుల రేవు అనే పేరును ఒకసారి అరచేత్తో తుడిచి, ఎక్కడో ఒకచోట తెరిచి ఒళ్లో పెట్టుకుంది. కళ్లు మాత్రం మంచం మీదే ఉన్నాయి. బయట వర్షావాసం ఇంకా నడుస్తూనే ఉంది, చూరు నుంచి వాన కారుతోంది. మా ఆవిడ కథలో ఆ సాయంత్రానికే పున్నమి తెప్పించింది. రేవంతా దీపాలు పెట్టించింది. వెన్నెల పరిచింది. పడవకు అరటి బోదెలు కట్టించింది. పచ్చంచు తమైన్ కట్టుకుని నాయిక వచ్చింది. ఆ పేరు పెట్టి అమ్మినవాడు దొంగే, అందులో సందేహం లేదు. కానీ ఆ అట్ట మీద నేను చదివిన నవల మొత్తం మా ఇంట్లో ఆ సాయంత్రం జరిగింది.

"అప్పుడు సరంగు వచ్చాడు," అంది మా ఆవిడ. నేను తల వంచుకున్నాను. "గురకపెట్టలేదు. బెల్లం తేలేదు. పూల గొడుగు ఎక్కడా మరిచిపోకుండా జాగ్రత్తగా తెచ్చి, విప్పి, పెళ్లికూతురి తల మీద పట్టాడు. పెళ్లైనంతసేపూ చెయ్యి దించలేదు."

నేను ఏడ్చానని మీతో చెప్పడానికి నాకేం సిగ్గులేదు. మెట్ల మీద కూడా ఎవరో ముక్కు చీదారు. డా సోనే అయ్యుంటుంది.

మా ఆవిడ పుస్తకం మూసింది. చీకటి పడింది, వాన జల్లు లోపలికి కొడుతోంది. ఏడో రోజు గడిచింది కదా, ఇక తలుపు వెయ్యొచ్చని లేచాను.

"ఉండనివ్వండి," అంది. "పెళ్లి భోజనాలు ఇంకా కాలేదు."

తలుపు అలాగే వదిలేసి వచ్చి పక్కన కూర్చున్నాను.